రాధానగర్ ఇసుక రాతి పొడి కాదు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు దగ్గర పడ్డాయంటే నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరులో అండమాన్ టూర్ల ప్రకటనలు మొదలవుతాయి. అన్నింట్లోనూ ధర ఎంత, ఎన్ని రాత్రులు అన్నదే తప్ప, హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరానికి ఎందుకంత పేరు, అక్కడి నీళ్లలో ఎప్పుడు దిగాలి, ఎప్పుడు దిగొద్దు అన్న ముక్క ఉండదు. సముద్రం లేని జిల్లాల వాళ్లం, మనకే అది ఎక్కువ అవసరం. మీ పర్యాటక పేజీలో ఈ సంగతులకు చోటివ్వాలని కోరుతూ రాస్తున్నాను.

2018 చివర్లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు. రాధానగర్‌ను అక్కడ ఏడో నంబర్ బీచ్ అని కూడా అంటారు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైన తీరమని రాసింది. 2020లో మన దేశంలో మొదటి విడత బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ) గుర్తింపు పొందిన ఎనిమిది తీరాల్లో విశాఖ రుషికొండతో పాటు ఇదీ ఉంది. ఈ పేర్లన్నీ పక్కన పెట్టినా ఆ ఇసుక ఒక్కటి చాలు.

మన డిండి వాగులోనో మూసీలోనో దొరికే ఇసుక గ్రానైట్ గుట్టలు అరిగి వచ్చిన రాతి పొడి. రాధానగర్ ఇసుకలో ఎక్కువ పాలు ఒకప్పుడు ప్రాణమున్న వాటిదే. పగడం, గవ్వలు, ఆల్చిప్పలు నలిగి అలా అయింది. హుజూర్‌నగర్, మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయిలో ఉండేదీ, ఆ ఇసుకలో ఉండేదీ ఒకే పదార్థం, కాల్షియం కార్బొనేట్. చిటికెడు ఇసుక అరచేతిలో పోసి నిమ్మచెక్క పిండితే సన్నగా బుడగలు లేస్తాయి. వాగు ఇసుక మీద ఎంత పిండినా లేవవు. ఈ పొడి కొట్టే పనిలో చిలుక చేపల పాలు పెద్దది. పగడపు దిబ్బ మీది పాచి కోసం సున్నాన్ని కూడా కొరికి, గొంతులోని పళ్లతో నూరి, ఇసుకగా బయటికి వదులుతాయి. పెద్ద జాతి చేప ఒక్కటే ఏడాదికి క్వింటాళ్ల లెక్కన వదులుతుంది. ఆ ఇసుక తెల్లగా ఉంటుంది కాబట్టే ఎండపూట కూడా మన వాగు ఇసుకంత కాలదు.

నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక మీద కూర్చుని చూడండి. గోరంత పీతలు ఇసుకను నోట్లో వేసుకుని, అందులోని తిండి తీసుకుని, మిగిలింది జొన్న గింజంత ఉండలు చేసి బొరియ చుట్టూ పేరుస్తాయి. వందల ఉండలు, బొరియ నుంచి నలుదిక్కులా కిరణాల్లా సాగి ముగ్గు వేసినట్టుంటాయి. మళ్లీ పోటు రాగానే అంతా చెరిగిపోతుంది, నీళ్లు తగ్గాక పీతలు మళ్లీ మొదలు పెడతాయి.

ఆ ఇసుక తయారయ్యేది వాటి నుంచే కాబట్టి గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకుని రావద్దు. దేవుడి గదిలో పెట్టుకోవడానికి ఒక్క శంఖమే కదా అనుకుంటాం. ఖాళీ శంఖాల్లో కాపురముండే పీతలున్నాయి. ఒళ్లు పెరిగినప్పుడల్లా వాటికి మరో శంఖం కావాలి, లేకపోతే మెత్తని నడుము బయటపడి పక్షుల పాలవుతాయి. పైగా పగడం చచ్చిన ముక్కయినా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. విమానాశ్రయంలో సామాను స్కానింగ్‌లో బయటపడుతుంది. గవ్వో శంఖమో ఇంటికి తేవాలనుకుంటే అనుమతి ఉన్న దుకాణంలో బిల్లుతో కొనాలి.

ఇసుక వెనకే అడవి నిలువుగా లేస్తుంది. ఆ పొడుగాటి చెట్లను అక్కడ సముద్ర మహువా అంటారు. మన నల్లమల ఇప్పదీ, సపోటాదీ, దానిదీ ఒకటే కుటుంబం. వాటి వేళ్లు పట్టి ఉంచబట్టే ఒడ్డు కోతకు నిలబడుతోంది.

ఇక నీళ్ల సంగతి. దీవికి తూర్పున ఉన్న విజయనగర్ వంటి తీరాల్లో ఆటు సమయంలో నీళ్లు బాగా వెనక్కి పోయి పగడపు రాళ్లు బయటపడతాయి. చెప్పులు లేకుండా నడిస్తే పాదాలు కోసుకుపోతాయి. గాయంలో సున్నపు తునకలు ఉండిపోతే చీము పడుతుంది, మంచినీళ్లతో బాగా కడిగి తునకలు తీసేయాలి. రాధానగర్‌లో అడుగంతా ఇసుకే, వాలు మెల్లగా దిగుతుంది. పోటైనా ఆటైనా దిగడానికి వీలుండేది అందుకే. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్లు పెద్దవి, పోటు వేళ రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతూ పోతుంది. తేదీలు ఖాయం చేసుకునే ముందు క్యాలెండర్‌లో తిథి చూసుకోండి.

ఈ వాలు చూసి మోసపోయేది బావుల్లో, చెరువుల్లో ఈత నేర్చినవాళ్లే. తీరం పడమటి ముఖం కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి అలలు నేరుగా వచ్చి కొడతాయి. వచ్చిన నీరు తిరిగి పోవడానికి అక్కడక్కడ దారి చేసుకుంటుంది. రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుంటే నడుమ కొంత మేర నురగ లేకుండా, ముదురు రంగులో, నెమ్మదిగా కనిపిస్తుంది. నెమ్మదిగా ఉందని అక్కడే దిగుతారు, మనిషిని లోపలికి లాగేది అదే. దాంట్లో పడితే ఒడ్డుకు ఎదురీదొద్దు, దమ్ము అయిపోతుంది. సాగర్ ఎడమ కాలువలో పడ్డవాడు ప్రవాహానికి ఎదురు పోడు, పక్కకు తప్పుకుని గట్టు పడతాడు. ఇక్కడా అంతే, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డుకు తిరగాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్లు నెమ్మది. ఏ కాలమైనా లైఫ్‌గార్డులు కనిపించే మేరలోనే ఉండండి. తీరం చివరనున్న నీల్స్ కోవ్ మడుగు వైపు ఈతకు పోవద్దు. 2010లో అక్కడ ఉప్పునీటి మొసలి ఒక విదేశీ పర్యాటకురాలి ప్రాణం తీసింది.

గడియారం మనదే గాని ఆ దీవులు చాలా తూర్పున ఉన్నాయి. డిసెంబరు మొదట్లో 5 గంటలకు ముందే పొద్దుగూకుతుంది, నల్లగొండకంటే దాదాపు ముప్పావు గంట ముందు. టీ తాగి నాలుగున్నరకు బయల్దేరితే తీరం చేరేసరికి పొద్దు గూకిపోతుంది. ఓడ దిగే జెట్టీ నుంచి తీరం 12 కిలోమీటర్లు. 3 గంటలకల్లా చేరుకోవాలి, ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా మాట్లాడుకోవాలి. సూర్యాస్తమయం అయ్యాక అందరూ ఒక్కసారే బయటికొస్తారు, అప్పుడు వెతికితే దొరకదు. పొద్దువాలే వేళ ఇసుక ఈగలు కుడతాయి, ఆ దద్దుర్లు రోజుల తరబడి దురద పెడతాయి. కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా రాసుకుని చాప మీద కూర్చుంటే చాలావరకు తప్పుతుంది.

శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు ఓడలో గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ ఓడలో రెండున్నర గంటల దాకా పడుతుంది. హోటల్ కంటే ముందు రానూపోనూ ఓడ టికెట్లు తీసుకోండి. విమానం మధ్యాహ్నం దాటాక దిగేదైతే ఆ రాత్రి శ్రీ విజయపురంలోనే ఉండేలా చూసుకోండి.

టూర్ల గురించి రాసే రోజున ధరల పక్కన ఆ నెల పోటు వేళలు, సూర్యాస్తమయ సమయం, దిగకూడని చోట్లు ఒక చిన్న పెట్టె కట్టి వేయండి. నాలుగంగుళాల జాగా సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్లగొండ