మాఫీ అంటే బాకీ లేదని కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతి రోజుల్లో మా మండలంలో రెండు కుటుంబాల కుర్రాళ్లు కొట్టుకుంటే ఒకడి తల పగిలింది. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త వచ్చింది. ఆ తర్వాతి సంగతి పేపర్లో రాలేదు. దెబ్బ తిన్న పిల్లాడి బాబాయి కొడుకులు వాట్సాప్ స్టేటస్‌లో కత్తి బొమ్మ పెట్టి, కింద ‘బాకీ ఉంది’ అని రాసుకున్నారు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1987లో నేనూ అదే మాట అన్నాను.

కొండపి పక్కన మాది చిన్న ఊరు. రెండు పొగాకు చేల మధ్య గట్టు దగ్గర తగాదా మొదలైంది. మూరెడు వెడల్పు గట్టు అది. ముందు మాటలు, తర్వాత ఒకరి గడ్డివామి ఒకరు తగలబెట్టుకోవడం. చివరికి ఒక మార్చి నెల తెల్లవారుజామున పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మా అన్నను గొడ్డలితో కొట్టారు. ఒంగోలు చేరేలోపే పోయాడు. కొట్టినతను పరాయివాడు కాదు, మా చర్చిలో మా పక్క చాప మీద కూర్చునేవాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు మా ముత్తాత, వాళ్ల ముత్తాత కలిసే ఏట్లోకి దిగారని మా ఇళ్లల్లో చెప్పుకునేవాళ్లు.

అన్న పోయాక అమ్మ చర్చి మానలేదు. కానీ పరలోక ప్రార్థనలో ‘మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము’ అనే చోటు వచ్చేసరికి ఆగిపోయేది. అందరూ ఆ ముక్క ముగించాక మళ్లీ అందుకునేది. ఎందుకని అడిగితే, ‘అబద్ధం ఎట్టా చెప్పేదిరా ఆయనతో?’ అంది. మూడేళ్లు అలాగే గడిచాయి.

1990లో మా అన్నను కొట్టినతని తల్లి చనిపోయింది. నెల్లూరు జైలు నుంచి పెరోల్ మీద, పోలీసుల కాపలాతో తీసుకొస్తున్నారని తెలిసింది. నేనూ మా పెదనాన్న కొడుకూ ముందురోజు రాత్రే అనుకున్నాం, సమాధుల దగ్గరైతే వీలవుతుందని. నా వయసు అప్పుడు ఇరవై ఆరు. తెల్లారి చూస్తే అమ్మ పొయ్యి మీద పెద్ద తపేలాతో అన్నం పెట్టి ఉంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఇరుగుపొరుగే వండి తీసుకెళ్లాలి. ఆ ఇంటికి ఇరుగుపొరుగు మేమే. ‘తపేలా నువ్వెత్తుకో, పప్పుచారు నేను తెస్తా’ అంది. ఎదురు చెప్పలేకపోయాను. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ విస్తరి వేసి వడ్డించింది. అతను తినలేకపోయాడు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. ఆ ఆదివారం ప్రార్థనలో అమ్మ ఎక్కడా ఆగలేదు. మగవాళ్ల వైపు కూర్చున్న నాకు ఆ గొంతు వినబడింది.

నాకు మాత్రం చాలా ఏళ్లు పట్టింది. నేను సహకార సంఘంలో గుమాస్తాగా చేరి కార్యదర్శిగా రిటైరయ్యాను. 2008లో కేంద్రం రైతుల రుణమాఫీ చేసినప్పుడు ఆ లెక్కలు రాసింది నేనే. రైతు పేరు మీది బాకీని ఊరికే కొట్టేయలేదు. అదే అంకెను ప్రభుత్వం ఖాతాలోకి మార్చాం. బాకీ నిజమే, కాకపోతే రైతుకు బదులు ఇంకొకరు కట్టుకున్నారు. ఆ లెడ్జర్ ముందు కూర్చునే, కృప అని పాస్టర్లు చెప్పేది ఏమిటో నాకు అర్థమైంది. సిలువ మీద ప్రభువు చేసింది అదే. అమ్మ చేసింది కూడా అదే. కొడుకు ప్రాణం ఖరీదు తను కట్టుకుంది, పక్కింటికి పంపలేదు.

క్షమించమంటే కేసు వదిలేయమని నా ఉద్దేశం కాదు. అతని శిక్ష అతను అనుభవించాడు, అమ్మ కోర్టులో సాక్ష్యం కూడా చెప్పింది. ఒడిశాలో 1999 జనవరిలో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవంగా తగలబెట్టినప్పుడు, ఆయన భార్య గ్లాడిస్ గారు క్షమించానన్నారు. బారిపదలో కుష్ఠురోగుల సేవ కొనసాగించారు. కేసు తన దారిన నడిచింది, ప్రధాన ముద్దాయికి పడిన యావజ్జీవాన్ని 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఇంకో మాట. దెబ్బ తిన్నవాడిని ‘నువ్వు క్రైస్తవుడివి, క్షమించు’ అని బలవంతుడు అడిగే హక్కు లేదు. 1985 జూలైలో కారంచేడులో భూస్వాముల దాడిలో అయినవాళ్లను పోగొట్టుకుని చీరాల చేరిన మాదిగ కుటుంబాలు న్యాయం కోసం ఏళ్ల తరబడి పోరాడాయి. దాన్ని పగ అనేవాళ్లను నేను ఒప్పుకోను. క్షమించడమనేది నష్టపోయినవాడు తనంతట తాను ఇచ్చేది. స్టేషన్ బయట పెద్దమనుషులు డబ్బు మాట్లాడి సంతకాలు పెట్టించే రాజీ క్షమాపణ కాదు. అలాంటి రాజీలు ఏడాది తిరక్కుండానే తెగిపోవడం ఎన్నోసార్లు చూశాను.

మా ప్రాంత పాస్టర్లకు, సంఘ పెద్దలకు నా మనవి ఒక్కటే. క్షమాపణ గురించి ఆదివారం ప్రసంగంతో ఆపకండి. ఆ రెండిళ్లకూ వెళ్లండి. ఆసుపత్రి ఖర్చు ఎంతయిందో అడగండి, అవతలివాళ్లు మోయలేకపోతే సంఘం కానుకల్లోంచి కొంత పెట్టండి. దెబ్బ తిన్న పిల్లాడి తల్లి పక్కన కాసేపు కూర్చోండి. ఆ స్టేటస్ పెట్టిన కుర్రాళ్ల చేత మాట్లాడించండి. ఇరవై ఆరేళ్లప్పుడు నాతో అలా ఎవరూ మాట్లాడలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ రెండిళ్లకూ నేను వెళ్తున్నాను. మా అన్నను కొట్టినతని కొడుకు ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాడు. ఫోన్ చేసి చెప్తే, తనూ వస్తానన్నాడు.

ఇట్లు,
విశ్రాంత సహకార సంఘం కార్యదర్శి,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా