ప్రదర్శనల పట్టిక, చెన్నై యాత్ర, మన గోడలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన విశాఖ చిత్రకళా సంఘం పని ప్రధానంగా మూడు విషయాల చుట్టూ తిరిగింది: నెలనెలా పంపే ప్రదర్శనల పట్టిక, చెన్నై ఎగ్మూరు మ్యూజియం యాత్ర, బీచ్ రోడ్డు పక్క హాల్లో మన వార్షిక చిత్ర ప్రదర్శన. జమాఖర్చులు ఆడిటర్ సంతకంతో వేరుగా జతచేశాం కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. నివేదిక 2025 జూలైలో మీ చేతికి వస్తోంది. రాబోయే ప్రదర్శనల తేదీలు ఈ నెలకి సరిచూసి చివర్లో ఇచ్చాం.

పట్టిక సంగతి

ప్రతి ప్రదర్శనకీ నాలుగు గడులు ఉంటాయి: ఎక్కడ, ఎప్పటిదాకా, వారంలో ఏ రోజు సెలవు, టికెట్ ఎలా. చాలామంది మొదటి రెండూ చూసి రైలు టికెట్ తీసేస్తారు. విశాఖ నుంచి వెళ్లేవాళ్లని దెబ్బకొట్టేది మూడో గడి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికీ శుక్రవారం సెలవు. అమరావతిలో పురావస్తు శాఖ మ్యూజియం కూడా అంతే. ఢిల్లీ నేషనల్ మ్యూజియం, జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్, కోల్‌కతా ఇండియన్ మ్యూజియం సోమవారం తెరవరు. గురువారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శుక్రవారం పొద్దున్నే నాంపల్లిలో దిగి, సాలార్‌జంగ్ గేటుకి వేసిన తాళం చూసి రావాలి. శుక్రవారం సాయంత్రం ఎక్కితే శని, ఆదివారాలు రెండూ చేతిలో ఉంటాయి. ఆదివారం రాత్రి కోరమాండల్‌లో కోల్‌కతా బయల్దేరేవాళ్లదీ ఇదే కథ.

‘అంత దూరం వెళ్తే ఆ బొమ్మ లేదు’ అనే ఫిర్యాదు ఈ ఏడాది కూడా వచ్చింది. బొమ్మ పోలేదు, విశ్రాంతిలో ఉంది. రాతికీ కంచుకీ వెలుతురు వల్ల పెద్ద ఇబ్బంది లేదు. అందుకే 1876లో మొదటి సాలార్‌జంగ్ ఇటలీలో కొన్న బెంజోనీ శిల్పం, మేలిముసుగు రెబెకా, ఎప్పుడు వెళ్లినా కనిపిస్తుంది. నీటిరంగులు, సూక్ష్మచిత్రాలు, కలంకారీ బట్టలు, రాతప్రతులు అలా కాదు. వాటికి 50 లక్స్‌కి (లక్స్ అంటే వెలుతురు కొలత) మించిన వెలుతురు ఇవ్వకూడదన్నది మ్యూజియాల కట్టుబాటు. తైలవర్ణ చిత్రాలకు 200 దాకా పరవాలేదు. వెలిసిన రంగు మళ్లీ రాదు. పైగా నష్టం రోజురోజుకీ పేరుకుంటూ పోతుంది. 200 లక్స్ కింద రెండు గంటలు ఉంచినా, 50 లక్స్ కింద ఎనిమిది గంటలు ఉంచినా లెక్క ఒకటే. అందుకని కొన్ని నెలలు చూపించి, తరవాత చాలాకాలం చీకటి గదిలో పెట్టేస్తారు. ఫలానా సూక్ష్మచిత్రం కోసమే వెళ్తుంటే ముందు ఫోన్ చేసి, అది గోడ మీద ఉందో లేదో కనుక్కోండి. గది మసకగా ఉందని సిబ్బందితో గొడవపడి లాభం లేదు. లోపలికి వెళ్లాక రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడితే కళ్లు వాటంతట అవే అలవాటు పడతాయి.

ఎగ్మూరు

యాత్రకి చెన్నైని ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో ఆ స్తూపం దగ్గరికి మొదటిసారి వెళ్లాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరాయి. వాటిలో చాలావాటిని 1859లో ఓడెక్కించి లండన్ పంపారు. అమరావతి శిల్పాల్ని చూడాలంటే ఇప్పుడు ప్రధానంగా మూడు చోట్లు తిరగాలి: అమరావతి, ఎగ్మూరు, బ్రిటిష్ మ్యూజియం. మన ఊరి పక్కనే ఉన్న బౌద్ధ క్షేత్రాలు తొట్లకొండ, బావికొండ ఎక్కకుండా లండన్ గ్యాలరీ గురించి మాట్లాడే సభ్యులు మనలో కొందరున్నారు. అది వేరే విషయం.

ఎగ్మూరు ఆవరణలో భవనాలు చాలా ఉన్నాయి, కంచు విగ్రహాలది విడిగా ఉంటుంది. అందరూ ముందు నటరాజు దగ్గరికి పరుగెత్తి, అమరావతి గదికి వచ్చేసరికి కాళ్లు పీకుతున్నాయంటారు. క్రమం తిరగేయండి. అమరావతి ముందు, కంచు తరవాత. సామాన్లు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో వదిలి రావడం మంచిది.

గదిలో అన్నీ చూడాలనుకోకుండా ఒక్క పతకం ముందు పావుగంట నిలబడితే చాలు. నాలాగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక అది. ఎడమ పక్క మదమెక్కిన ఏనుగు తొండంతో మనిషిని చుట్టి విసురుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు, ఒకామె భయంతో పక్కవాళ్లకి అతుక్కుపోయింది. పైన కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర మోకరిల్లింది. రెండు ఏనుగులు కావవి, ఒకే ఏనుగు రెండు క్షణాల్లో. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోవాలి. దీని తరవాత తొలినాటి పలకలు చూస్తే అక్కడ బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, చెట్టు మాత్రమే. ఈ మార్పంతా లండన్‌లో ఒకే రాతి మీద కనిపిస్తుంది. ముందు ఒక వైపు ఖాళీ సింహాసనం చెక్కిన పలకనే కొన్ని శతాబ్దాల తరవాత తిప్పి రెండో వైపు స్తూపం, దాని ద్వారంలో నిలబడ్డ బుద్ధుణ్ణి చెక్కారు.

పల్నాటి సున్నపురాయి మెత్తటిది. 19వ శతాబ్దంలో ఎగ్మూరు పలకల్ని సిమెంటుతో గోడకి అతికించారు. గోడలో తేమ చేరినప్పుడల్లా ఉప్పు రాతిలోకి పాకి, ఆరినప్పుడు పైపొరని పొలుసుల్లా లేపుతుంది. పలక అంచుల్లో కనిపించే పొడి అదే. ముట్టుకోవద్దనేది అందుకే.

మన ప్రదర్శన: ఉప్పుగాలితో పేచీ

సముద్రం పక్క హాల్లో బొమ్మలు తగిలించడం హైదరాబాద్‌లో తగిలించినట్టు కుదరదు. వచ్చే ఏడాది చిత్రాలిచ్చే సభ్యులు ఇవి పాటించాలి.

ఫ్రేము వెనక జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగ వద్దు. ఉప్పుగాలికి తుప్పుపట్టి, ఒక రాత్రి చెప్పాపెట్టకుండా తెగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, ఒక్కో ఫ్రేముకి రెండు కొక్కేలు. ఒకే కొక్కెం మీద ఉంటే ఫ్యాను గాలికి ఓరగా జారిపోతుంది. బొమ్మ నడిమధ్య నేల నుంచి 58 అంగుళాల ఎత్తులో ఉండాలి. లెక్క సులువు: 58కి ఫ్రేము ఎత్తులో సగం కలిపి, తీగ బిగించినప్పుడు పై అంచు నుంచి ఎంత కిందికి ఉంటుందో అంత తీసేయండి. 24 అంగుళాల ఫ్రేము, తీగ 3 అంగుళాల కిందన ఉంటే కొక్కెం 67 అంగుళాల దగ్గర. కింది మూలల్లో వెనక పావు అంగుళం కార్కు బిళ్లలు అంటించాలి. ఫ్రేముకీ గోడకీ మధ్య గాలి ఆడకపోతే బూజు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

అద్దం కాగితానికి తగలకూడదు. మధ్యలో మౌంట్ బోర్డు తప్పనిసరి. తగిలితే తేమకి రంగు అద్దానికి అంటుకుని, విప్పేటప్పుడు అద్దంతోపాటే ఊడుతుంది. వెనక హార్డ్‌బోర్డు నేరుగా పెడితే దాని ఆమ్లానికి కాగితం గోధుమరంగుకి తిరుగుతుంది. సెల్లోటేప్ అసలే వద్దు. గోధుమ గంజి పలచగా రాసిన కాగితపు ముక్కలు చాలు. మందంగా రాస్తే సిల్వర్‌ఫిష్‌కి విందు పెట్టినట్టే.

ఏసీ గురించి హాలు కమిటీతో ప్రతిసారీ వాదన వస్తుంది. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేస్తే, అసలు వేయకపోవడం కంటే ఎక్కువ హాని. తేమ పెరిగి తగ్గిన ప్రతిసారీ కాగితం ఉబ్బి ముడుచుకుంటుంది. రాత్రంతా నడపలేకపోతే పగలు కూడా ఫ్యాన్లే మేలని మా ఉద్దేశం. బూజు కనిపిస్తే తడిగుడ్డతో తుడవకండి, ఎండలోనూ పెట్టకండి. నీడలో ఆరనిచ్చి, మాస్కు కట్టుకుని మెత్తటి కుంచెతో దులపాలి.

ఏటికొప్పాక బొమ్మల అలమర కొత్తగా చేర్చాం. అంకుడు కర్ర మీద లక్కపూత కాబట్టి హాలోజన్ బల్బు దగ్గర పెడితే మెత్తబడి దుమ్ము పట్టేస్తుంది. ఎల్‌ఈడీ మాత్రమే వాడాలి. సహజ రంగుల్లో పసుపుతో చేసింది అన్నిటికన్నా ముందు వెలుస్తుంది, దాన్ని కిటికీకి ఎదురుగా పెట్టకండి.

2025 జూలైలో నడుస్తున్నవి, ఆ తరవాత రాబోయేవి

పిల్లల దగ్గరికి విదేశాలు వెళ్తున్న సభ్యుల కోసం ముఖ్యమైనవే ఇస్తున్నాం. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన భారత ప్రదర్శన 2025 అక్టోబరు 19 దాకా ఉంది. హిందూ, జైన, బౌద్ధ శిల్పాలు ఒకచోట పెట్టారు. మ్యూజియం ప్రవేశం ఉచితమే గానీ దీనికి టికెట్ ఉంది, సమయం ముందే బుక్ చేసుకోవాలి. అమరావతి గది మాత్రం ఉచితం. అక్టోబరు 31 నుంచి లండన్‌లోనే రాయల్ అకాడమీలో శిల్పి మృణాళినీ ముఖర్జీ, ఆమె చుట్టూ ఉన్న కళాకారుల ప్రదర్శన మొదలవుతుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ చిత్రాలు ఆగస్టు 3 దాకా, ఆపైన సెప్టెంబరు 23 నుంచి పారిస్ ఓర్సే మ్యూజియంలో. బాస్టన్‌లో వాన్‌గో గీసిన రూలాఁ కుటుంబ చిత్రాలు సెప్టెంబరు 7 దాకా. మెట్రోపాలిటన్‌కి బుధవారం సెలవు. టికెట్‌కి ఇచ్చినంత తీసుకునే సదుపాయం న్యూయార్క్ రాష్ట్ర వాసులకీ, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులకీ మాత్రమే గానీ చుట్టపుచూపుగా వెళ్లిన అమ్మానాన్నలకి వర్తించదు. పెద్దలకి 30 డాలర్లు, 65 నిండితే 22.

ప్రారంభ తేదీని నమ్మి విమానం టికెట్ కొనకండి. కైరో గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 జూలై 3న తెరుస్తామని చెప్పి వాయిదా వేసింది. కొచ్చి బినాలే (రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శన) కూడా 2022లో డిసెంబరు 12 అని చెప్పి 23న తెరిచింది.

వచ్చే యాత్ర ఆ కొచ్చికే. బినాలే 2025 డిసెంబరు 12 నుంచి 2026 మార్చి 31 దాకా. మొదటి వారాల్లో కళాకృతులు ఇంకా బిగిస్తూ ఉంటారు, సంక్రాంతికి రైళ్లు దొరకవు. అందుకని 2026 జనవరి 20న బయల్దేరాలని కార్యవర్గం తీర్మానించింది. రైలు రిజర్వేషన్ గడువు ఇప్పుడు 120 రోజులు కాదు, 60 రోజులే. అంటే నవంబరు 21 ఉదయం 8 గంటలకి బుకింగ్ తెరుచుకుంటుంది. పేరు ఆధార్‌లో ఉన్నట్టుగా, వయసు, కింది బెర్త్ అవసరమా కాదా రాసి నవంబరు 10లోగా కార్యదర్శికి ఇవ్వాలి.