మా ఆవిడ లెక్కలోకి రాలేదురా

ఇర్వింగ్, టెక్సాస్
మార్చి 6, 2022

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "మీకేంట్రా, కరోనా టైములో అక్కడ గవర్నమెంటు ఇంటికే డాలర్లు పంపింది" అని ఎత్తిపొడిచావు. ఆఫీసు కాల్ వచ్చి పెట్టేశాను గానీ ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. ఇవాళ ఆదివారం, డైనింగ్ టేబుల్ నిండా ట్యాక్స్ కాగితాలే. ఎలాగూ తల పగిలిపోతోంది, నీతో చెప్పుకుంటే కాస్త తేలికవుతుందని కూర్చున్నా.

పంపిన మాట నిజమే, మూడుసార్లు. 2020 మార్చిలో చట్టం చేసి పెద్దవాళ్లకు తలా 1,200 డాలర్లు, 17 ఏళ్లలోపు పిల్లలకు 500 అన్నారు. ఆ డిసెంబరులో తలా 600. మళ్లీ 2021 మార్చిలో తలా 1,400. మొగుడూ పెళ్లాం కలిసి రిటర్ను వేస్తే ఆదాయం లక్షా యాభై వేలు దాటాక కోత మొదలవుతుంది. మాది దానికి చాలా కిందే. మరి మొదటి విడతలో మాకెంత వచ్చిందో తెలుసా? గుండు సున్నా!

మా ఆవిడ పద్మది హెచ్4 వీసా కదా, ఉద్యోగ వీసా మీద ఉన్నవాడి భార్యకిచ్చేది. పనిచేసే అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, ట్యాక్స్ కోసం ఐటిన్ అని వేరే నంబరు ఉంది. ఒకరిది ఐటిన్ అయితే, మిలిటరీ వాళ్లకు తప్ప, ఇంట్లో ఎవరికీ రాదని అప్పటి రూలు. ఇక్కడే పుట్టిన మా పాపకీ రాలేదు, నెలనెలా పన్ను కట్టే నాకూ రాలేదు. "అంటే రేషన్ కార్డులో నా పేరు చేరినందుకు మీ ఇద్దరి బియ్యం కూడా ఆపేశారన్నమాట" అంది పద్మ. ఆ చట్టమేదో నేనే రాసినట్టు రెండ్రోజులు ముభావంగా ఉంది.

తమాషా ఏంటంటే, అదే రోజుల్లో పక్కింటి ఎమ్మెస్ కుర్రాడికి 1,200 చెక్కు వచ్చింది, దాని మీద ట్రంప్ పేరుతో సహా. ఎఫ్1, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు మామూలుగా మొదటి అయిదేళ్లు పన్ను విషయంలో నాన్ రెసిడెంట్ల కిందే లెక్క, వాళ్లకు రాకూడదు. వీడు వాళ్ల రిటర్ను ఫారం 1040-ఎన్ఆర్ వేయాల్సింది పోయి మామూలు ఫారం 1040 వేసేశాడు. రెండు వారాలు చెక్కుని ఫ్రిజ్‌కి అంటించి, వచ్చినవాళ్లందర్నీ "ఏం చేయమంటావన్నా?" అని అడిగాడు పాపం. చివరికి వెనక 'వాయిడ్' అని రాసి తిప్పి పంపేసి, రిటర్ను కూడా సరిదిద్దుకున్నాడు. రేపు గ్రీన్ కార్డప్పుడు ఎవరైనా అడుగుతారేమోనని వాడి టెన్షన్.

అసలు కిటుకు వేరే ఉంది. ఆ డబ్బు ట్యాక్స్ క్రెడిట్‌కి అడ్వాన్సురా, అంటే పన్నులో ఇచ్చే రాయితీని ముందే చేతికివ్వడం. పాత రిటర్ను చూసి ముందే పంపేస్తారు, ఆ ఏడాది రిటర్ను వేసేటప్పుడు 1040 ఫారం 30వ లైనులో లెక్క తేల్చుకోవాలి. తక్కువ పడుంటే మిగతాది ఇస్తారు. ఆదాయం పెరిగి లెక్క ప్రకారం ఎక్కువ పడిందని తేలినా వెనక్కి అడగరు! మీ ఊళ్లో పన్ను కట్టేవాళ్ల దగ్గర పీఎం కిసాన్ సొమ్ము కక్కించారన్నావే, ఆ గోల ఇక్కడ లేదు. పిల్లల క్రెడిట్ కింద పోయిన జూలై నుంచి నెలనెలా ఇచ్చిన అడ్వాన్సు సంగతి మాత్రం వేరు, అది ఎక్కువైతే కట్టాల్సి రావచ్చు.

2020 డిసెంబరు చట్టంలో ఆ ఐటిన్ రూలు సడలించారు, మొదటి విడతకీ కలిపి. దాంతో రెండో విడత 1,200 దానంతటదే పడింది. మొదటిదాని 1,700 నిరుడు 30వ లైనులో అడిగి రాబట్టా. మూడో విడతలో నాకూ పాపకీ కలిపి 2,800. పద్మకి మాత్రం ఏ విడతలోనూ లేదు.

ఇప్పుడు నవంబరులో పుట్టిన బాబు వాటా 1,400 అడగాలి. అందుకు, ఇదివరకు ఎంత వచ్చిందో సరిగ్గా వేయాలి. తప్పు వేస్తే రీఫండు ఆలస్యమవుతుంది. ఆ అంకె చెబుతూ ఐఆర్ఎస్, అంటే ఇక్కడి ఇన్‌కం ట్యాక్స్ శాఖ పంపిన 6475 నంబరు లెటర్ని పద్మ పిజ్జా కూపన్లతో కలిపి చెత్తబుట్టలో వేసింది! పొద్దున్నుంచీ బ్యాంకు స్టేట్‌మెంట్లు తిరగేస్తే ఇప్పుడు దొరికింది, 'ఐఆర్ఎస్ ట్రెజ్ 310' అన్న పేరుతో పడిన జమ.

పద్మ బాబుని ఒళ్లో వేసుకుని పక్కనే కూర్చుని చూస్తోంది. "పుట్టి నాలుగు నెలలు నిండలేదు, వీడికి 1,400. మరి వీణ్ని కన్నదానికి?" అంది. నేను తల ఎత్తకుండా అంకె కొట్టాను.

గోంగూర పచ్చడి అందింది, సీసా పగల్లేదు. అమ్మకి చెప్పు.

నీ
రవి