నేను నేనేనని రుజువు చేసుకోవలసి వచ్చినప్పుడు

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ, అందులో నువ్వు అడిగిన ప్రశ్న అంత తేలిగ్గా తెమిలేది కాదు. రెండు రోజులు ఆలోచించి ఇప్పుడు రాస్తున్నాను. నీ గురించి తమ దగ్గర ఏయే వివరాలు ఉన్నాయో తెలపమని ఒక సంస్థకు లేఖ పంపితే, ముందుగా నీ పాస్‌పోర్టు పేజీలన్నీ స్కాన్ చేసి పంపమని వాళ్లు బదులు రాశారనీ, "నా వివరాలు నాకివ్వడానికి నేనెవరో రుజువు చేసుకోవాలా?" అని నీకు ఒళ్లు మండిపోయిందనీ రాశావు. నీ కోపం న్యాయమైనదే. అయితే అది వాళ్లు రుజువు అడిగినందుకు కాక, అడిగిన రుజువు మీదికి మళ్లాలని నా అభిప్రాయం.

వాళ్లు ఏమీ అడగకుండానే ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో ఒకసారి ఊహించు. ఐరోపా సమాఖ్యలో వ్యక్తిగత సమాచార పరిరక్షణకు జీడీపీఆర్ అనే చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. తన గురించి ఒక సంస్థ దగ్గర ఏముందో తెలుసుకునే హక్కును ఆ చట్టంలోని 15వ అధికరణం ప్రతి మనిషికీ ఇస్తుంది. సంస్థ సాధారణంగా నెలలోగా జవాబివ్వాలి. మంచి హక్కు. కానీ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు జేమ్స్ పావర్, తాను పెళ్లి చేసుకోబోయే అమ్మాయి అనుమతితో, ఆమె పేరు పెట్టి దాదాపు 150 సంస్థలకు ఇలాంటి లేఖలే పంపి చూశాడు. ఆమె వివరాలు తమ దగ్గర ఉన్న సంస్థలు 83 అని తేలింది. వాటిలో 24 శాతం, రాస్తున్నది నిజంగా ఆమేనా అని చూసుకోకుండానే సమాచారం పంపించేశాయి. ఆయన ఈ సంగతిని 2019లో బయటపెట్టాడు. మనిషికి తన సమాచారం మీద అధికారం కల్పించడానికి పుట్టిన హక్కే, ఆ మనిషి పేరు తెలిసిన ప్రతివాడికీ దొడ్డిదారి అయిపోయిందన్న మాట. అందుకే, నిన్ను నిలబెట్టి అడిగినవాళ్ల మీద నాకు కోపం రావడం లేదు.

అయితే అదే చట్టంలోని 12వ అధికరణం, అడుగుతున్న వ్యక్తి ఎవరన్న దాని మీద సహేతుకమైన సందేహం ఉన్నప్పుడు మాత్రమే అదనపు ఆధారం కోరవచ్చని అంటుంది. నువ్వు పదేళ్లుగా వాడుతున్న ఖాతాలోకి ప్రవేశించి, వాళ్ల దగ్గర నమోదై ఉన్న ఈమెయిల్ నుంచే రాశావు. ఆ ఈమెయిల్‌కు ఒక సంకేత సంఖ్య పంపి దాన్ని తిరిగి చెప్పమంటే చాలదా? వాళ్లు నీ పాస్‌పోర్టును ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసినా దేనితో పోల్చుకుంటారు? తమ దగ్గర లేనిదాన్ని కొత్తగా తెప్పించుకోవడం వల్ల దాచవలసిన వివరం ఇంకొకటి పెరుగుతుందే తప్ప, నువ్వు నువ్వేనన్న నమ్మకం పెరగదు.

ఒకచోట ఎవరూ పట్టించుకోని చిన్న వివరం ఇంకొకచోట తాళంచెవి అవుతుందన్నది కూడా మరిచిపోకూడదు. 2012 ఆగస్టులో మాట్ హోనన్ అనే అమెరికన్ పాత్రికేయుడికి జరిగింది చదివినప్పటి నుంచి ఆ భయం నన్ను వదలలేదు. మోసగాళ్లు మాటలతో నమ్మించి ఆయన అమెజాన్ ఖాతాలోకి దూరారు. అక్కడ కనిపించేది ఆయన కార్డు నంబరులోని చివరి నాలుగు అంకెలే కదా అని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ నాలుగు అంకెలనూ, బిల్లు చిరునామానూ చెబితే ఆపిల్ సంస్థ సహాయ విభాగం ఆయనే మాట్లాడుతున్నాడని నమ్మింది. గంట గడిచేలోపే ఆయన ఫోనూ, టాబ్లెట్టూ, ల్యాప్‌టాపూ, అందులోని కూతురి పసితనపు ఫోటోలతో సహా, తుడిచిపెట్టుకుపోయాయి. ఒక సంస్థ బహిరంగంగా చూపిన దాన్నే ఇంకొక సంస్థ రహస్యంగా భావించింది. రెండింటి నడుమ నలిగిపోయింది మనిషి.

నా అనుభవం ఒకటి నీకు ఎప్పుడూ చెప్పలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక ఈమెయిల్ ఖాతా తెరిచినప్పుడు, పుట్టిన తేదీతో వీళ్లకేం పని అనుకుని, తోచిన తేదీ ఒకటి రాసేశాను. నాన్నగారు చివరి రోజుల్లో నాకు రాసిన ఉత్తరాలన్నీ ఆ ఖాతాలోనే ఉన్నాయి. రెండేళ్ల క్రితం ఫోను మారినప్పుడు పాస్‌వర్డ్ పోయింది. వాళ్లు పుట్టిన తేదీ అడిగారు. నా అసలు తేదీ చెబితే తప్పన్నారు. గుర్తింపు పత్రం పంపితే, దాని మీది తేదీ ఖాతాలోని తేదీతో సరిపోలడం లేదన్నారు. వాళ్ల లెక్కలో నా పత్రమే నేను నేను కాదని సాక్ష్యం చెప్పింది. ఆ రోజుల్లో నాకు నిద్ర పట్టలేదు, రఘూ. చివరికి నన్ను కాపాడింది ఏ పత్రమూ కాదు. అటక మీద పడేసిన పాత ల్యాప్‌టాప్‌ను దింపి, దాని నుంచి మళ్లీ ప్రయత్నిస్తే, ఏళ్ల తరబడి ఆ ఖాతాను తెరిచిన యంత్రం అదేనని గుర్తుపట్టి లోపలికి రానిచ్చారు. మొదట తెరుచుకున్నది "మందులు వేళకు వేసుకుంటున్నాను, బెంగపడకు" అని నాన్నగారు రాసిన రెండు వాక్యాల ఉత్తరం.

ఆ తేదీ రాయడం అబద్ధమేనా అని నన్ను నేను చాలాసార్లు అడిగి చూసుకున్నాను. నా మాటను నమ్మి ఎవరైనా ఏదైనా నిర్ణయం తీసుకుంటుంటే, అక్కడ నిజమే చెప్పాలి. పిల్లలు మాట్లాడుకునే చోట పెద్దవాడు తన వయసు తగ్గించి చెబితే, వైద్యుడు కానివాడు వైద్యుడినని సలహాలిస్తే, ఇంకొకరి ఫోటో పెట్టుకుని పెళ్లి మాటలు నడిపితే, అవి ఎదుటి మనిషి బతుకుతో ఆడుకునే మోసాలు. మారుపేరుతో రాయడం అలాంటిది కాదు. కొట్టే భర్త నుంచి తప్పించుకున్న ఇల్లాలు, తన జబ్బు గురించి సలహా అడిగే యువకుడు, పనిచేసే చోట జరుగుతున్న తప్పును బయటపెట్టే ఉద్యోగి పేరు దాచుకుంటారు గానీ మాట దాచరు. చాలామంది ఈ రెండింటినీ ఒకే గాట కట్టేస్తారు; అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. నా తేదీ విషయంలో ఎవరూ మోసపోలేదు కానీ, ఖాళీగా వదిలే వీలుంటే ఖాళీగా వదలడమే మంచిదని ఇప్పుడు అనుకుంటున్నాను.

అందరూ అసలు పేరుతోనే రాయాలని శాసిస్తే సరిపోతుంది కదా అంటావేమో, దక్షిణ కొరియా ఆ పని చేసి చూసింది. 2007 నుంచి అక్కడ పెద్ద వెబ్‌సైట్లలో ఏదైనా రాయాలంటే ముందు తానెవరో ధ్రువీకరించుకోవలసి వచ్చేది. అందుకు సాధారణంగా ప్రభుత్వమిచ్చే నివాస నమోదు సంఖ్యే ఆధారంగా ఉండేది. దూషణలు ఆగుతాయని ఆశించారు. 2011 జులైలో అక్కడి ఒక సంస్థ నుంచి దాదాపు మూడున్నర కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. మరుసటి ఏడాది ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టివేసింది. కాపలా కోసమని పోగుచేసిన సంఖ్యలే చివరికి దొంగలకు నిధి అయ్యాయి.

పేరు తీసేస్తే భయం లేదనుకోవడమూ పొరపాటే. పుట్టిన తేదీ, లింగం, అయిదంకెల పోస్టల్ కోడ్, ఈ మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టే వీలుందని లతాన్యా స్వీనీ అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త 2000లో అంచనా వేసింది. ఆ లెక్క తెలిశాక, "పుట్టిన తేదీయే కదా" అని నేను మళ్లీ ఎన్నడూ అనలేదు. ఒక రహస్యాన్ని వెల్లడించకుండానే అది తనకు తెలుసని రుజువు చేసే గణిత పద్ధతిని గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1985లోనే చూపించారు. దాని మీద ఆధారపడి, పుట్టిన తేదీ చెప్పకుండానే పద్దెనిమిదేళ్లు నిండాయని మాత్రం నిరూపించుకునే ఏర్పాట్లు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. అవి అందరికీ అందేలోపు మన జాగ్రత్త మనదే.

కనుక వాళ్లకు మళ్లీ రాయి. కోపంగా కాదు, స్పష్టంగా. నమోదైన ఈమెయిల్ ద్వారా నిర్ధారించుకోమని కోరు. అది ఎందుకు చాలదో రాతపూర్వకంగా చెప్పమను. అప్పటికీ పత్రమే కావాలంటే, పేరున్న భాగం తప్ప పాస్‌పోర్టు సంఖ్యా, ఫోటో, సంతకం కనబడకుండా మూసి, ఏ సంస్థకు, ఏ పని కోసం, ఏ తేదీన ఇస్తున్నావో నకలు మీద అడ్డంగా రాసి పంపు. పని పూర్తయ్యాక దాన్ని చెరిపేశామని జవాబు కూడా అడుగు. ఫోనులో ఎవరైనా ఆ సంస్థ పేరు చెప్పి ఓటీపీ అడిగితే మాత్రం ఒక్క అంకె కూడా చెప్పవద్దు.

నేను కూడా నిన్న రాత్రి ఆ పాత ఖాతా తెరిచి, పుట్టిన తేదీని సరిచేయమని కోరాను. ఊహించినట్టే పత్రం అడిగారు. పేరూ తేదీ తప్ప మిగిలినవన్నీ మూసి పంపాను. నాన్నగారి ఉత్తరాలను ముందే వేరేచోట భద్రపరిచాను గనుక, ఈసారి జవాబు కోసం నిశ్చింతగా ఎదురుచూస్తున్నాను. అది రాగానే నీకు రాస్తాను. నీ సంస్థ వాళ్లు ఏమన్నారో నువ్వూ తెలియజేయి.

ఇట్లు,
నీ మిత్రుడు
శ్రీనివాసు