పాత స్టేషన్‌ను కూల్చకుండానే హబ్ కట్టొచ్చు

సంపాదకుల వారికి నమస్కారం.

రైలు, మెట్రో, బస్సు ఒకేచోట కలిసే హబ్ కావాలనగానే, వందేళ్ల నాటి స్టేషన్ భవనాన్ని పడగొట్టాలనే మాటే ముందు ఎందుకొస్తుందో నాకు అర్థం కావడం లేదు. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టారు. జనం ఎంత బాధపడ్డారంటే 1965లో ఆ నగరం పాత కట్టడాల రక్షణకు చట్టమే తెచ్చుకుంది, అదే నగరంలోని 1913 నాటి గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌ను తర్వాత కాపాడింది ఆ చట్టమే. 1978లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది.

గ్రాండ్ సెంట్రల్‌లో నాకు బాగా నచ్చేవి అక్కడి వాలు దారులు. ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో పిల్లాణ్ణి పట్టుకున్న మనిషి మెట్ల బాధ లేకుండా కిందికి నడిచిపోవచ్చు. అప్పుడే ఎంత ఆలోచించి కట్టారో చూడండి!

లండన్‌లో 1868లో తెరిచిన సెయింట్ పాంక్రస్ స్టేషన్‌నూ 1960ల్లో కూల్చేద్దామనుకున్నారు, కానీ కూల్చలేదు. 2007 నుంచి పారిస్ రైళ్లు అక్కడి నుంచే బయల్దేరుతున్నాయి, ఒకప్పుడు బీరు పీపాలు నిల్వచేసిన కింది అంతస్తులోనే ఇప్పుడు ప్రయాణికులు తిరుగుతున్నారు.

రైలు దిగిన మనిషికి కావాల్సింది వానలో తడవకుండా బస్సు దాకా వెళ్లే దారి, అన్నిటికీ చెల్లే ఒకే టికెట్, దూరం నుంచే కనిపించే బోర్డులు. ఇవన్నీ పాత భవనం పక్కనో కిందో కట్టొచ్చు. ఏ స్టేషన్‌నైనా కూల్చాలనుకుంటే ముందు ఇంజినీర్ల నివేదికను జనం ముందు పెట్టి, అభ్యంతరాలు చెప్పడానికి సమయం ఇవ్వాలని నా విన్నపం.

– ఒక రైలు ప్రయాణికురాలు