బిస్కెట్ డబ్బాలో పన్ను చీటీలు దాచిన మ్బాకి

మొన్న మా మామగారు పోయి నూరో రోజు. నిన్న పొలం కొలత. రెండూ అయిపోయాయి. ఒళ్లు తూలిపోతోంది, అయినా ఈ కృతజ్ఞతలు ఈ రాత్రే రాయాలి. రేపు తిరుగు ప్రయాణం. హైదరాబాద్ చేరి పనుల్లో పడితే ఈ మాటలు ఇలా రావు.

మా అత్తగారి ఊరు ఇండోనేసియాలో, మధ్య జావాలో, క్లాటెన్ జిల్లా గంతివర్నో వైపు చిన్న వరి ఊరు. మామగారు వదిలి వెళ్లింది 2,100 చదరపు మీటర్ల మడి, మన లెక్కలో అర ఎకరానికి కాస్త పైన. దానికి పట్టా లేదు. ఉన్నదల్లా ఊరి ఆఫీసులోని ‘లెటర్ చె’ అనే పాత పుస్తకంలో ఒక వరస. మన పహాణీ లాంటిదనుకోండి. ఎవరి పేరున ఉంది, నంబరెంత, నేల ఏ తరగతి, విస్తీర్ణం ఎంత అన్నది అందులో ఉంటుంది. పన్ను కోసం పుట్టిన పుస్తకం అది, హక్కు పత్రం కాదు. ఇలాంటి పాత కాగితాల మీదున్న భూములన్నీ ఐదేళ్లలో నమోదు చేయించుకోవాలని 2021లో వచ్చిన 18వ నంబరు ప్రభుత్వ నిబంధన గడువు పెట్టింది. మేం పట్టించుకోలేదు.

ఇంట్లో ఉన్న కాగితాలు 2006 మే 27న పోయాయి. ఆ రోజు తెల్లవారి ఆరు కాకముందే భూకంపం వచ్చింది. ఈ చుట్టుపక్కల ఇనుము లేకుండా ఇటుకతో కట్టిన గోడలు చాలా కూలాయి. మామగారి బీరువా వాటి కింద పడింది. తర్వాత మూడు రోజుల వానకి నానిపోయిన కాగితాలే చేతికొచ్చాయట.

కాగితం లేనివాళ్లకి ఒక దారి ఉంది. 1997 నాటి 24వ నంబరు నిబంధన ప్రకారం, రాత రుజువు లేకపోతే 20 ఏళ్లకి తక్కువ కాకుండా వరసగా భూమి తమ చేతిలోనే ఉందని, నమ్మదగిన సాక్షులతో చూపించాలి. పన్ను కట్టిన చీటీలు ఒక్కటే చూపిస్తే హక్కు రాదు. కానీ ఆ ఇరవై ఏళ్లకి అంతకంటే గట్టి ఊతం ఇంకోటి దొరకదు. ఆ చీటీలు మా దగ్గర ఒక్కటీ లేవు.

ఇక్కడే మ్బా వచ్చారు. మ్బా అంటే తాత, ఊరంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. నేను ఆయన్ని అంతకుముందు చూడనైనా లేదు. మామగారి మడిని ‘మారో’కి, అంటే మన సగపాలుకి, చేస్తున్న పెద్దాయన. పక్క పేట. ఒక సాయంత్రం సైకిలు తోసుకుంటూ వచ్చి అరుగు మీద ఒక బిస్కెట్ డబ్బా పెట్టారు. సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టి ఉంది. లోపల ఏడాదికొకటి చొప్పున 27 పన్ను చీటీలు, ఒక్కోటీ ఐసు అమ్మే సన్న ప్లాస్టిక్ సంచిలో మడిచి ఉంది. ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో కట్టిన తేదీ. ఆయనది వెదురు తడికల ఇల్లు కాబట్టి భూకంపానికి ఊగింది గానీ పడలేదు. డబ్బా దక్కింది.

అవి దాచమని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

కొలత రోజు ఉదయం ఆరింటికే పార పట్టుకొచ్చారు. సర్వేయరు చూసేది కనిపించే గట్టునే. మడి గట్టు ఉన్నచోట ఉండదు, నడుస్తుంది. నాట్లకి ముందు ప్రతిసారీ గట్టు పక్కలు చెక్కి, కొత్త బురద మెత్తుతారు. ఒకవైపు వాళ్లు చెక్కడమే చేసి, రెండోవైపు వాళ్లు మెత్తడమే చేస్తే పంటకి రెండు వేళ్ల చొప్పున జరుగుతుంది. నీళ్లున్న ఊళ్లో ఏడాదికి మూడు పంటలు. ఇరవై ఏళ్లకి ఎంతవుతుందో మన పల్లెల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. మ్బా రెండు మూలల్లో మోకాలి లోతు తవ్వి, పాత హద్దుకి పాతిన ఏటి గుండ్రాళ్లు తీసి చూపించారు. తూర్పు గట్టు ఆ రాళ్ల నుంచి జానెడు ఇవతలికి వచ్చి ఉంది. పక్క మడివాళ్లు ఆ రాయి చూసి ఒక్క మాట అనలేదు. ఆయన మాటకి అంత విలువ.

హద్దు గుర్తులు ఎలా పాతాలో కూడా ఆయనే దగ్గరుండి చేయించారు. 5 సెంటీమీటర్ల పీవీసీ గొట్టం, మీటరు పొడవు, లోపల కాంక్రీటు దట్టించి, 80 సెంటీమీటర్లు నేలలో, 20 పైన, పైభాగం ఎర్ర రంగు. నీళ్లు కట్టిన మడిలో పాతితే వారానికే వాలిపోతుంది. కాబట్టి కనీసం వారం ముందు నీళ్లు ఆపి, నేల బిగిశాక పాతాలి. గట్టు లోపలి అంచున పెడితే చేతి ట్రాక్టరు తగిలి లేచిపోతుంది. అందుకే గట్టు నడిమధ్యలో పెట్టించారు.

సాయంత్రం కవరు ఇవ్వబోతే రెండు చేతులతో వెనక్కి నెట్టి, తీపి టీ ఇంకో గ్లాసు అడిగారు. నేను లోపలికెళ్లి ఏడ్చాను. ఎందుకంటే, పట్టా వస్తే వారసులు అమ్ముకోవడం తేలిక. అమ్మితే ముందు పోయేది ఆయన సాగే. అది ఆయనకి మాకంటే బాగా తెలుసు. అయినా డబ్బా తెచ్చారు, రాళ్లు తవ్వారు, ‘అమ్ముతారా’ అని ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక్కడ 1960 నాటి 2వ నంబరు చట్టం పాలు ఒప్పందం రాతలో, ఊరి పెద్ద ఎదుట జరగాలంటుంది. వరి మడికి కనీసం మూడేళ్లు, మెట్టకి ఐదేళ్లు. ఊళ్లలో నోటిమాటే నడుస్తుంది, ఈ చట్టం సంగతి ఎవరూ ఎత్తరు. ఈ ఉదయం మా ఆయన, మ్బా కూర్చుని అది రాయించారు. ఇంతకాలం ఆయన చేతిలో కాగితం లేకపోవడం మా ఇంటి తప్పే.

పట్టా కోసం వెళ్లిన భూమి ఆఫీసు కౌంటరు దగ్గర జరిగింది చెప్పకుండా ఉండలేను. ఫైలు మూడుసార్లు తిరిగొచ్చింది. మొదటిసారి పేరు. జావాలో పాతతరం మగవాళ్లు పెళ్లయ్యాక కొత్త పేరు పెట్టుకునేవారు. పైగా ‘జ’కి డి, జె అని రెండక్షరాలు రాసే పద్ధతి 1972లో మారింది. పుస్తకంలో ఒక పేరు, పన్ను చీటీలో ఇంకోటి, గుర్తింపు కార్డులో మూడోది. ముగ్గురూ ఒకరేనని ఊరి ఆఫీసు ఇచ్చే పత్రం కావాలని మొదటి రోజే చెబితే ఒక వారం మిగిలేది. రెండోసారి సాక్షి సంతకం స్టాంపు మీదికి రాలేదని. 10,000 రూపియా స్టాంపు మీద సంతకం సగం పడాలి, సగం కాగితం మీద ఉండాలి.

మూడోసారి అన్నమాట మాత్రం మర్చిపోలేను. భార్య విదేశీయురాలు కాబట్టి మా ఆయన పేరున పూర్తి హక్కు పట్టా రాదట. తప్పు. విదేశీయులకి ఆ హక్కు లేదన్నది 1960 భూ చట్టంలో నిజమే. కానీ 1974 పెళ్లి చట్టం 35వ నిబంధన ప్రకారం వారసత్వంగా వచ్చింది ఎవరిది వాళ్లదే, ఉమ్మడి ఆస్తి కాదు. నాకు అందులో వాటా లేదు, అక్కర్లేదు. ఇండోనేసియా వాళ్లని పెళ్లి చేసుకున్న మనవాళ్లు ఈ నిబంధన నకలు ఒకటి ఫైల్లో పెట్టుకోండి. మీరు కొన్న ఆస్తి సంగతి వేరు. దానికి ఆస్తులు విడివిడి అన్న ఒప్పందం కావాలి. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వచ్చాక అది పెళ్లయిన తర్వాత కూడా రాసుకోవచ్చు. ఇంత చదువుకున్న మాకే ఇన్ని తిప్పలైతే, చదవడం రాని ముసలివాళ్లు ఆ బల్ల ముందు ఎలా నిలబడతారు?

ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమనే నోటీసు గడువు ఇంకా నడవాలి. వారసత్వ సుంకం మాకు పడదు. కనీసం 30 కోట్ల రూపియా విలువ దాకా మినహాయింపు ఉంది, మడి విలువ అంతకు లోపే.

మా ఆయనకి, అత్తగారికి, ఆడపడుచుకి కృతజ్ఞతలు వేరే చెప్పాలా.

అయ్యో, ఊరి కార్యదర్శిగారిని వదిలేశాను. పేర్ల పత్రం రాత్రి తొమ్మిదింటికి ఇంటి దగ్గరే టైపు చేసి ఇచ్చారు. నూరో రోజు వంటకి తెల్లవారుజామున మూడింటికే వచ్చిన వాడ ఆడవాళ్లకి, ప్రార్థన నడిపిన ఊరి మత పెద్ద మోదిన్‌గారికి దండాలు. స్రోవోట్ స్టేషన్‌లో రైలు దిగిన రాత్రి ఆప్‌లో ఒక్క బండీ దొరక్కపోతే, రెండు సూట్‌కేసులకి రెండు ట్రిప్పులు వేసి ఒక్కదానికే డబ్బులు తీసుకున్న ఓజెక్ (బైకు టాక్సీ) అబ్బాయికి కూడా. హైదరాబాద్‌లో మా అమ్మకి మందులు చూసుకున్న కింది ఫ్లాటు అక్కకి.

పడమటి గట్టువాళ్లబ్బాయి జకార్తా పక్కనున్న బెకాసి నుంచి రాత్రి రైల్లో వచ్చి, హద్దు కాగితం మీద సంతకం పెట్టి, మధ్యాహ్నం రైలుకే వెళ్లిపోయారు. ఆయన అన్నం తిన్నారో లేదో కూడా అడగలేదు.