స్థానిక ఛార్జీల బిల్లులోని ఒక్క పద్దు గురించి, జవాబు రాని ఉత్తరాలకు కొనసాగింపుగా రాస్తున్న ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: ఎగుమతి కంటైనర్లపై రేవు వద్ద మీ షిప్పింగ్ లైన్ (ఓడల్లో కంటైనర్లు చేరవేసే సంస్థ) వసూలు చేసిన స్థానిక ఛార్జీలు, సర్వీస్ ఫీజులకు వివరణ ఇవ్వకపోవడం.

ఆర్యా,

మా ఖాతా నంబరు, బుకింగ్ నంబరు, ఇన్వాయిస్ నంబరు ఈ లేఖలో మళ్లీ రాయడం లేదు. మీ సిబ్బందిలో మాతో మాట్లాడిన ప్రతి ఒక్కరూ ముందుగా ఆ మూడింటినే అడిగి, నింపాదిగా రాసుకుని, ఆ తర్వాత కనిపించకుండా పోయారు కాబట్టి అవి మీ కార్యాలయంలో ఏ మూల వెతికినా దొరుకుతాయి. దొరకనిదల్లా మేము అడిగినదానికి జవాబే.

మేము అడిగింది చాలా చిన్న విషయం. ఇటీవల మేము పంపిన నలభై అడుగుల కంటైనర్లకు మీరు ఇచ్చిన స్థానిక ఛార్జీల బిల్లులో టెర్మినల్ హ్యాండ్లింగ్, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్లు షిప్పింగ్ లైన్ ఇచ్చే రవాణా పత్రం) ఫీజు, సీల్ ఛార్జీ, వీజీఎం (ధ్రువీకరించిన కంటైనరు బరువు) ఫీజు, భద్రతా సర్‌ఛార్జీ అనే మామూలు పద్దుల కింద ‘ఎగుమతి సర్వీస్ ఫీజు’ అని కొత్తగా ఒకటి చేరింది. మీరు వెబ్‌సైటులో పెట్టిన టారిఫ్‌లో, అంటే ఛార్జీల పట్టికలో, ఆ పేరు లేదు. బుకింగ్ ఖరారు చేస్తూ మీరు పంపిన పత్రంలోనూ లేదు. ఇది ఏ సేవకు, ఆ సేవ ఎవరు చేశారు, ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చింది, కంటైనరుకు ఇంత అని వేస్తున్నారా లేక బిల్ ఆఫ్ లేడింగ్‌కు ఇంత అని వేస్తున్నారా అని అడిగాం. మా సరుకు క్షేమంగానే చేరింది, ఓడ కూడా చెప్పిన వారంలోనే బయలుదేరింది. ఆ విషయంలో మీ మీద మాకు ఏ ఆరోపణా లేదు. ఆ పద్దు కింద మీరు తీసుకున్న మొత్తం మా సంస్థను ముంచేసేంతదీ కాదు. అయినా ఈ లేఖ ఇంత పొడుగెందుకయిందో మీరు దయచేసి చివరిదాకా చదివి తెలుసుకోవాలి. మీ సంస్థలో మా ఉత్తరాన్ని చివరిదాకా చదివిన మొదటి వ్యక్తి మీరే అవుతారని మా అనుమానం.

మొదట మీ వెబ్‌సైటులోని చాట్ సహాయకుడిని ఆశ్రయించాం. అది యంత్రమని తెలుసు కనుక పెద్దగా ఆశ పెట్టుకోలేదు. టెర్మినల్ హ్యాండ్లింగ్ ఛార్జీ అంటే ఏమిటో వివరించి సెలవు తీసుకుంది. గేటు దగ్గర కంటైనరును అందుకుని, యార్డులో పేర్చి, అక్కడి నుంచి క్రేనుతో ఓడలోకి ఎక్కించేదాకా టెర్మినల్ చేసే పనికి షిప్పింగ్ లైన్ డబ్బు చెల్లిస్తుందనీ, దాన్ని ఎక్కించే రేవులో ఎగుమతిదారు నుంచీ దింపే రేవులో దిగుమతిదారు నుంచీ రాబట్టుకుంటుందనీ ఈ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. ఆ ఛార్జీని మేము ఎన్నడూ ప్రశ్నించలేదు, ఇప్పుడూ ప్రశ్నించడం లేదు.

ఆ తర్వాత అదే చాట్‌లోకి ఒక మనిషి వచ్చారు. కుశలం అడిగారు. కంటైనర్ నంబరు అడిగారు. ఇచ్చాక, వేరెవరి కంటైనరు వివరాలో మాకు పంపి, అది ఇంకా గేటు లోపలికి రాలేదనీ, కటాఫ్ (ఓడ కోసం కంటైనరు అప్పగించవలసిన గడువు) దాటకుండా చూసుకోమనీ హితవు చెప్పారు. కంటైనరు మీద నాలుగు అక్షరాలు, ఆరు అంకెల తర్వాత విడిగా మరో అంకె ఉంటుందనీ, ముందున్నవాటిలో ఏదైనా తప్పుగా నమోదైతే ఇట్టే బయటపడాలనే ఐఎస్ఓ 6346 ప్రమాణంలో దాన్ని పెట్టారనీ మీకు మేము చెప్పనక్కరలేదు. ఒక ఇనుప పెట్టెను మరో పెట్టెగా పొరబడకుండా ప్రపంచమంతా కలిసి ఇంత ఏర్పాటు చేసుకుంటే, ఒక ఖాతాదారుణ్ణి మరో ఖాతాదారుగా పొరబడకుండా మీ విభాగం ఏ ఏర్పాటూ చేసుకోకపోవడం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది.

సరైన కంటైనరు చూసుకున్నాక ఆయన, ఇది టెర్మినల్ వేసిన ఛార్జీ అనీ, వాళ్లనే అడగాలనీ చెప్పారు. అడిగాం. ‘మేము బిల్లు వేసేది షిప్పింగ్ లైన్‌కే గానీ మీకు కాదు, మా దగ్గర ఆ పేరుతో ఏ పద్దూ లేదు’ అని టెర్మినల్ వారు మొదటి ఫోనులోనే, మర్యాదగా, రెండు వాక్యాల్లో తేల్చేశారు. మేము వాళ్లకు నేరుగా ఒక్క పైసా చెల్లించం. మీకు ఏళ్ల తరబడి చెల్లిస్తున్నాం. సూటి జవాబు మాత్రం వాళ్ల దగ్గరే దొరికింది.

ఆ జవాబు పట్టుకుని మళ్లీ మీ దగ్గరకు వస్తే, ఈసారి మా ఫిర్యాదు వేరే ఖండంలో ఉన్న మీ ఫైనాన్స్ విభాగానికి ప్రయాణం కట్టింది. అక్కడి నుంచి వచ్చిన లేఖలో ఉన్నది ఒకే వాక్యం: ఇన్వాయిస్‌ను పరిశీలించామని, రేటు సరైనదేనని. రేటు సరైనదా కాదా అని మేము అడగనేలేదు. పద్దు ఎందుకు పుట్టిందని అడిగితే, దాని పక్కనున్న అంకెను కూడిక చూసి సరిపోయిందన్నారు. అదే మాట రాసి పంపితే ఈసారి మరో పేరుతో, మరో సంతకంతో, అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం వచ్చింది.

డాక్యుమెంటేషన్ విభాగంలోని ఒకరు మాత్రం కొంత ప్రయత్నం చేశారని ఒప్పుకోవాలి. ఇది వీజీఎంకు సంబంధించినది అయి ఉండవచ్చని ఊహించారు. సరుకుతో సహా కంటైనరు బరువును ధ్రువీకరించి చెప్పాలన్న సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణకు చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం) నిబంధన 2016 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆ బాధ్యత ఎగుమతిదారుదే. నిండిన కంటైనరును మొత్తంగా తూచవచ్చు, లేదా లోపలి సరుకునూ ప్యాకింగునూ విడిగా తూచి, తలుపు మీద రాసి ఉన్న ఖాళీ బరువును కలపవచ్చు. ఏ పద్ధతి పట్టినా తూచేది మేము, లెక్క కట్టేది మేము, మీ వెబ్‌సైటులో ఆ అంకెను టైపు చేసేదీ మేమే. ఆ అంకెను స్వీకరించే శ్రమకు మీరు విడిగా ఒక ఫీజు ముందే తీసుకుంటున్నారు. అది ఈ బిల్లులోనే రెండు వరుసల పైన ఉందని చూపించాం. అయితే బహుశా ఐఎస్‌పీఎస్ (ఓడలు, రేవుల అంతర్జాతీయ భద్రతా నియమావళి) భద్రతా ఛార్జీ అయి ఉంటుందన్నారు. 2004లో ఆ భద్రతా నియమావళి వచ్చినప్పటి నుంచీ ఆ సర్‌ఛార్జీ కూడా కడుతూనే ఉన్నాం, అదీ ఈ పద్దుకు సరిగ్గా పైవరుసలోనే ఉందని చూపించాం. ఇక ఆయన ఊహలు అయిపోయాయి. తన సంస్థ వేసిన బిల్లులో ఏముందో తానే ఊహించుకోవలసి రావడం ఆ ఉద్యోగి తప్పు కాదు.

చివరికి మీ పర్యవేక్షకుల్లో ఒకరు ఫోనులో దొరికారు. ఆమె ఇచ్చిన వివరణ ఏమిటంటే, ఈ రోజుల్లో అన్ని లైన్లూ దీన్ని వేస్తున్నాయి. ఈ మాటను ఇంకెవరి ముందూ అనవద్దని మీ మేలు కోరి చెబుతున్నాం. ఒకప్పుడు లైన్లన్నీ కాన్ఫరెన్సులుగా ఏర్పడి కూర్చుని రేట్లు, సర్‌ఛార్జీలు కలిసి నిర్ణయించుకునేవి. ఐరోపా సమాఖ్య వాటికి ఇచ్చిన మినహాయింపును 2008 అక్టోబరులో ముగించింది. ఎవరి ఛార్జీని వాళ్లే నిర్ణయించుకోవాలన్నప్పుడు, మీ ఛార్జీకి మీ కారణం ఏదో ఉండి తీరాలి. అందరూ వేస్తున్నారన్నదే మీ కారణమైతే, దాన్ని వినడానికి మాకన్నా ఎక్కువ ఆసక్తి చూపే అధికారులు ప్రతి దేశంలోనూ ఉన్నారు.

ఇప్పుడు మమ్మల్ని అన్నిటికన్నా నొప్పించిన విషయానికి వస్తాం. మీ వెబ్‌సైటులో ఇన్వాయిస్ మీద అభ్యంతరం నమోదు చేసే ఫారం ఒకటుంది. అందులో రేటు తప్పు, కరెన్సీ తప్పు, కంటైనర్ల సంఖ్య తప్పు, రెండుసార్లు బిల్లు వేశారు అన్న కారణాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఇది ఏమిటో మాకు తెలియడం లేదు అన్న కారణం అందులో లేదు. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నదేదో ఎంచుకుని నమోదు చేశాం. అభ్యంతరం తేలేదాకా ఆ ఇన్వాయిస్ బకాయిగానే కనిపిస్తుంది, బకాయి ఉన్నంతకాలం ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ మా చేతికి ఇవ్వరు. సరేనని అభ్యంతరాన్ని అలాగే ఉంచి డబ్బు కట్టేశాం. కట్టిన మరుక్షణమే ఇన్వాయిస్ పరిష్కారమైనట్లు మారిపోయింది, పరిష్కారమైన ఇన్వాయిస్ మీద అభ్యంతరం చెల్లదంటూ మా ఫిర్యాదు దానంతటదే మూసుకుపోయింది. కట్టకపోతే పత్రాలు రావు, కడితే అడిగే హక్కు ఉండదు. ఈ ఏర్పాటును రూపొందించినవారు ఎవరో గానీ, మీ సంస్థలో తమ పని పూర్తిగా తెలిసినవారు వారొక్కరే.

ఎగుమతిదారుకు బిల్ ఆఫ్ లేడింగ్ ఆలస్యమైతే ఏమవుతుందో మీకు తెలియదని మేము అనుకోం. లెటర్ ఆఫ్ క్రెడిట్ (సరైన పత్రాలు ఇస్తే డబ్బు చెల్లిస్తామన్న బ్యాంకు హామీ) మీద అమ్మిన సరుకుకు, వేరే గడువు రాసుకోకపోతే, యూసీపీ 600 (ఆ హామీలకు బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలు) ప్రకారం ఓడకెక్కించిన తేదీ నుంచి 21 రోజుల్లోపు, క్రెడిట్ గడువు ముగిసేలోగా, పత్రాలు బ్యాంకులో సమర్పించాలి. ఆ గడువు వల్ల మేము డబ్బు కట్టక తప్పదని మీకూ తెలుసు, అందుకే మా ప్రశ్నకు తొందరపడి జవాబివ్వవలసిన అవసరం మీకు కనిపించలేదు. పైగా మా అమ్మకాల్లో ఎక్కువభాగం ఎఫ్‌ఓబీ, అంటే సరుకు ఓడకెక్కేదాకా ఖర్చు మాది. కంటైనరు సరుకుకు ఎఫ్‌సీఏ (కొనుగోలుదారు ఎంచుకున్న రవాణాదారుకు సరుకు అప్పగించే షరతు) వాడుకోమని ఇన్‌కోటర్మ్స్ (అమ్మకం షరతుల అంతర్జాతీయ నియమాలు) సూచిస్తున్నా మా వ్యాపారంలో పాత అలవాటే నడుస్తోంది. ఎఫ్‌ఓబీలో ఓడను ఎంచుకునేదీ, సముద్ర రవాణా కిరాయి బేరమాడేదీ కొనుగోలుదారు. రేవులో స్థానిక ఛార్జీలు కట్టేది మేము. కిరాయి తగ్గించి కొనుగోలుదారును ఆకర్షించి, ఆ తగ్గించినదాన్ని బేరమాడే అవకాశమే లేని ఎగుమతిదారు బిల్లులో కొత్త పేర్లతో కలుపుకుంటున్నారని మా రంగంలో చాలామంది అంటుంటారు. మీ విషయంలో అది నిజం కాదని ఇన్నాళ్లూ వాదించింది మేమే. ఇప్పుడు ఏమని వాదించాలో మీరే చెప్పాలి.

మా సంస్థ మీకు కొత్త కాదు. కంటైనర్లు దొరక్క కిరాయిలు ఆకాశాన్నంటిన 2021లో, ఖరారైన బుకింగులను మీరు ఒక ఓడ నుంచి మరో ఓడకు జరుపుతూ పోయినప్పుడు కూడా మేము ఇతర లైన్ల గుమ్మం తొక్కలేదు. కిరాయి, బీమా మేమే కట్టి ఓడను మేమే ఎంచుకోగల సీఐఎఫ్ అమ్మకాల్లో ప్రతిసారీ మీ పేరే రాశాం. అప్పట్లో మీ సేల్స్ ప్రతినిధి వారం వారం ఫోను చేసి యోగక్షేమాలు కనుక్కునేవారు. ఇప్పుడు ఆయన స్థానంలో ఒక సాధారణ ఈమెయిల్ చిరునామా ఉంది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్న సామెత మన భాషలో ఎప్పటి నుంచో ఉంది గానీ, ఓడలు నడిపేవారే దాన్ని ఇంత శ్రద్ధగా పాటిస్తారని మేము ఊహించలేదు.

మా ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందనీ, మీ సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారో చెప్పమనీ నిన్న మాకు మరో సందేశం వచ్చింది. అందులో అభిప్రాయం రాయడానికి ఇచ్చిన చోటులో ఈ లేఖ పట్టలేదు కనుక కాగితం మీద రాసి పంపుతున్నాం.

అమెరికాలో 2022లో వచ్చిన ఓషన్ షిప్పింగ్ రిఫార్మ్ యాక్ట్ కింద, డిటెన్షన్, డెమరేజ్ (కంటైనరును గడువు దాటి బయటగానీ రేవులోగానీ ఉంచినందుకు వేసే ఛార్జీలు) బిల్లులో ఉండవలసిన వివరాలు లేకపోతే ఆ ఛార్జీ చెల్లించవలసిన బాధ్యతే ఉండదు. అది మా స్థానిక ఛార్జీలకు వర్తించదని మాకు తెలుసు. వివరాలు లేని బిల్లు బిల్లే కాదని ఒక పెద్ద దేశం చట్టంలో రాసుకుందని మీకు గుర్తుచేయడానికే చెబుతున్నాం. ఆ పద్దు దేనికో మీ సంస్థలో బాధ్యత గల ఒక వ్యక్తి తన పేరుతో, హోదాతో మాకు రాతపూర్వకంగా తెలియజేయాలి, అది టారిఫ్‌లో లేనిదైతే వసూలు చేసిన ప్రతి ఇన్వాయిస్‌కూ క్రెడిట్ నోటు (ఆ మొత్తాన్ని మా ఖాతాకు తిరిగి జమ చేసే పత్రం) ఇవ్వాలి, మూసేసిన మా అభ్యంతరాన్ని తిరిగి తెరవాలి. వీటిలో మొదటిది ఆనాడే జరిగి ఉంటే మిగతా రెండూ అడిగేవాళ్లమే కాదు. ఈ నెలాఖరులోగా ఇది జరగకపోతే ఎగుమతిదారుల సంఘానికీ, నౌకాయాన నియంత్రణ అధికారులకూ, పోటీ చట్టాలను అమలు చేసే సంస్థకూ మీ పర్యవేక్షకురాలి మాటలతో సహా మొత్తం ఉత్తరప్రత్యుత్తరాల ప్రతులు పంపుతాం. మా న్యాయవాది నోటీసు సిద్ధం చేసి ఉంచారు. ఇకపై కుదుర్చుకునే ప్రతి అమ్మకంలోనూ మీ లైన్ తప్ప మరేదైనా సమ్మతమేనని కొనుగోలుదారులకు రాస్తాం. ఈ చివరి పనికి మాకు ఏ అధికారి అనుమతీ అక్కరలేదు.

జవాబు ఈ లేఖ మీదున్న చిరునామాకే పంపగలరు. కొత్త ఫిర్యాదు నంబరు మాత్రం దయచేసి కేటాయించవద్దు.

ఇట్లు,
మీ ఖాతాదారు సంస్థ తరఫున,
ఎగుమతుల విభాగం నిర్వాహకుడు